మూసీ గట్టున ఒక తీర్పు

నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ఆలుమగల తగవంటే ప్రధానంగా దెబ్బలూ, కట్నం వేధింపులూ. అక్కడ అందరి నోటా నానిన 498ఎ సెక్షన్ 1983 చివర శిక్షాస్మృతిలో చేరింది. (2024 జూలైలో దాని స్థానంలోకి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ వచ్చింది.) అదే 1983 జూలైలో, అబిడ్స్ నుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటగానే కనిపించే హైకోర్టులో అంతకన్నా మౌలికమైన ప్రశ్న తేలింది. కాపురానికి రానన్న స్త్రీని రాజ్యం పంపవచ్చునా?

ఆ కేసు సినీనటి సరితది. 1975 డిసెంబరులో తిరుపతిలో పెళ్లయిందని చెబుతున్న నాటికి ఆమె మద్రాసులో హైస్కూలు చదువుతున్న, పదహారేళ్ల పిల్ల. ఆ వెంటనే విడిపోయారు. తరువాత భర్త దాంపత్య హక్కుల పునఃస్థాపన కోరుతూ, హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద కడప సబ్‌కోర్టుకెక్కాడు. హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్‌నే రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేశారు.

ఆయన తర్కం గమనించదగినది. సెక్షన్ ఆలుమగలిద్దరికీ ఒకటే. కాగితం మీద సమానత్వానికి లోటు లేదు. కాని డిక్రీ అమలైతే గర్భం మోయవలసింది ఎవరు? మగవాడి జీవితం ఎప్పటిలాగే సాగిపోతుంది, ఆమె జీవితమే తలకిందులవుతుంది. బిడ్డను ఎప్పుడు, ఎవరివల్ల కనాలన్న నిర్ణయం ఆమె చేయి దాటి కోర్టు గుమాస్తా రాసే కాగితంలోకి పోతుంది. అసమానుల మధ్య సమానమైన చట్టం ఎవరికి ఊడిగం చేస్తుందో ఇంత సూటిగా పట్టుకున్న తీర్పులు మనకు తక్కువ.

ఇది మన సంప్రదాయం కూడా కాదు. ఇంగ్లండు చర్చి కోర్టుల సరుకు. దొరల న్యాయస్థానాల వెంట వచ్చింది. 1887లో బొంబాయి హైకోర్టు భర్త దగ్గరకు వెళ్లమంటే జైలుకైనా పోతాను గాని వెళ్లనన్నది రఖ్మాబాయి. ఆ ఇంగ్లండు 1970లో ఈ డిక్రీని వదిలించుకుంది.

మనం వదలలేదు. 1983 నవంబరులో ఢిల్లీ హైకోర్టు, సంసారంలోకి రాజ్యాంగాన్ని తేవడం గాజుసామాన్ల కొట్టులోకి ఆబోతును తోలినట్టేనన్నది. మరుసటి ఆగస్టులో సుప్రీంకోర్టు సరోజ్‌రాణి కేసులో 9వ సెక్షన్‌ను నిలబెట్టింది. ఆస్తి జప్తే తప్ప ఒంటి మీద బలప్రయోగం లేదు కదా అన్నది వాదన. జప్తుకు ఆస్తి లేని స్త్రీ సంగతేమిటి? ఆమె భరణం అడిగితే భర్త ఈ డిక్రీని అడ్డుపెట్టాడు. డిక్రీ పాటించకపోయినంత మాత్రాన భరణం పోదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2025 జనవరి వచ్చింది.