నీటిలో పునాది: వించెస్టర్ కెథడ్రల్

ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న వించెస్టర్ కెథడ్రల్ పొడవు దాదాపు 170 మీటర్లు. లోపల అడుగుపెట్టగానే చూపు పైకప్పు మీదికి పోతుంది. ఈ కట్టడం అసలు కథ మాత్రం పునాదిలో ఉంది.

1079లో నార్మన్ బిషప్ వాకెలిన్ దీన్ని మొదలుపెట్టాడు. రాయి వైట్ ద్వీపం నుంచి వచ్చింది. కలపకైతే, మూడు రోజుల్లో ఎంత నరకగలిగితే అంత తీసుకోమన్నాడట రాజు. వాకెలిన్ మనుషుల్ని కూడగట్టి అడవి మొత్తం కొట్టించేశాడని చెబుతారు. 1093 నాటికి సన్యాసులు కొత్త చర్చిలోకి మారారు, పక్కనున్న పాత సాక్సన్ చర్చిని పడగొట్టారు.

చోటు ఇచెన్ నది లోయ, కాస్త తవ్వితే ఊట. 1107లో నడిమి గోపురం కూలింది. దుర్మార్గుడైన రెండో విలియం రాజును దానికింద పూడ్చినందుకే కూలిందని జనం అనుకున్నారు. 1202 ప్రాంతంలో తూర్పు భాగాన్ని పెంచినప్పుడు బీచ్ చెట్ల దుంగలు పరిచి వాటిపైనే గోడలు లేపారు.

14వ శతాబ్దం చివర్లో మేస్త్రీ విలియం విన్‌ఫర్డ్ చేసిన పని నాకు మరీ ఇష్టం. ప్రధాన మందిరంలోని లావుపాటి నార్మన్ స్తంభాల్ని చాలావరకు కూల్చకుండానే చెక్కి సన్నని గీతల స్తంభాలుగా మలిచాడు. గుండ్రటి కమానుల చోట మొనదేలిన కమానులొచ్చాయి. పాత రూపం చూడాలంటే సిలువ చేతుల్లా చాచుకున్న ఉత్తర, దక్షిణ భాగాలకు వెళ్ళాలి.

1905 నాటికి తూర్పు వైపు గోడలు బీటలిచ్చి ఒరిగాయి. తవ్విన గుంటల్లోకి నీరు ఎగదన్నింది. తోడేస్తే నీటితోపాటు మట్టీ కదిలి గోడలే కూలే ప్రమాదం. ఇంజనీరు ఫ్రాన్సిస్ ఫాక్స్ సలహాతో విలియం వాకర్ అనే గజ ఈతగాణ్ణి దింపారు. బరువైన లోహపు శిరస్త్రాణం, సీసం అడుగుల బూట్లు వేసుకుని ఆయన 1906 నుంచి 1911 దాకా, 6 మీటర్ల లోతు బురద నీటిలో పనిచేశాడు. కళ్ళకేమీ కనిపించదు, అంతా చేతి తడుములాటే. మెత్తటి మట్టి తవ్వి, గట్టి గులక పొరపై కాంక్రీటు బస్తాలు పేర్చాడు. అలా నీరు పైకి ఉబకకుండా అడ్డుకున్నాకే తోడేసి, మిగతా కట్టుబడి తాపీవాళ్ళు పూర్తిచేశారు.

1912లో కృతజ్ఞతా ప్రార్థనకు అయిదో జార్జి రాజు వచ్చాడు. 1964లో వాకర్ జ్ఞాపకార్థం పెట్టిన చిన్న విగ్రహానికి పొరపాటున ఫాక్స్ ముఖం చెక్కారు. వాకర్ సొంత ముఖంతో విగ్రహం 2001లో వచ్చింది.