దైవసాక్షికీ మనస్సాక్షికీ నడుమ ఒక గీత

ఎన్నికలయ్యాక కొత్త శాసనసభ కొలువుదీరే రోజున టీవీ పెట్టుకుని కూర్చుంటే ఒకే వాక్యం వరసపెట్టి వినిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో అయితే 175 మంది, తెలంగాణలో అయితే 119 మంది. ఒక్కొక్కరే వచ్చి, పేరు చెప్పి, ‘అనే నేను’ అని అందుకుంటారు. కొందరు గుక్క తిప్పుకోకుండా చదివేస్తారు, కొందరు ‘సార్వభౌమాధికారం’ దగ్గర తడబడతారు. వాక్యం చివరికొచ్చాక కాస్త చెవి పెట్టి వినాలి. ఎక్కువమంది ‘దైవసాక్షిగా’ అంటారు. అక్కడక్కడా ఒకరు ‘మనస్సాక్షిగా’ అంటారు. ఏదన్నా ఎవరూ తల తిప్పి చూడరు. సంతకం పెట్టి వెళ్లిపోతారు, ఇంకో పేరు పిలుస్తారు.

ఇంత మామూలుగా జరిగిపోయే ఈ తతంగం మామూలుగా వచ్చింది కాదు. మన రాజ్యాంగం మూడో షెడ్యూలు తెరిచి చూడండి. ప్రమాణం చేసేచోట దేవుని పేరు ఉన్న మాట పైన, దేవుని ఊసు లేకుండా సత్యనిష్ఠతో ప్రతిజ్ఞ చేసే మాట కింద, రెంటికీ నడుమ అడ్డంగా ఒక గీత. లెక్కల పుస్తకంలో భిన్నం రాసినట్టుంటుంది. మతానికి రాజకీయాల్లో చోటెంత అన్న తగవులో మనుషులు కనిపెట్టిన పనిముట్లలో ఇంతకంటే చిన్నది లేదేమో. దాని వెనక ఒక మనిషి అయిదుసార్లు గెలవాల్సి వచ్చింది. ఒక రాత్రి గడియార స్తంభంలో ఖైదీగా గడపాల్సి వచ్చింది.

ఆ మనిషి చార్లెస్ బ్రాడ్లా. 1833లో లండన్‌లో ఓ పేద గుమాస్తా ఇంట పుట్టాడు. కుర్రతనంలో చర్చిలో ఆదివారం బడి పంతులు. శ్రద్ధగా చదవమన్న పుస్తకాలను మరీ శ్రద్ధగా చదివి సందేహాలు అడిగినందుకు ఇల్లు వదలాల్సి వచ్చింది. కొన్నాళ్లు సైన్యంలో ఉన్నాడు, లాయరు దగ్గర గుమాస్తాగా చేశాడు, పత్రిక నడిపాడు, 1866లో జాతీయ సెక్యులర్ సంఘం పెట్టాడు. కొంతకాలం ఆయనతో కలిసి పనిచేసిన అనీ బిసెంట్ తర్వాత దివ్యజ్ఞాన సమాజంలో చేరి మన దేశానికి వచ్చింది. మదనపల్లె బీటీ కాలేజీ పేరులోని ‘బీ’ ఆమే.

1880 ఏప్రిల్‌లో నార్తాంప్టన్ ఓటర్లు బ్రాడ్లాను పార్లమెంటుకు పంపారు. కామన్స్ సభలో కూర్చోవాలంటే బైబిలు పట్టుకుని దేవుడి మీద ప్రమాణం చేయాలి. అసలు బ్రిటన్‌లో ప్రమాణాన్ని వాకిట కాపలాదారులా నిలబెట్టారు. క్యాథలిక్కులకు 1829 దాకా అది అడ్డం. యూదుడైన లయొనెల్ రోత్‌షీల్డ్ 1847లో గెలిచినా, ‘క్రైస్తవుడిగా’ అన్న మాట పలకనన్నందుకు 1858 దాకా బయటే ఉండిపోయాడు. ఒట్టు పెట్టుకోవడమే పాపమని నమ్మే క్వేకర్లకు మాత్రం ఒట్టు బదులు ‘ధ్రువీకరిస్తున్నాను’ అనే వెసులుబాటు ఎప్పుడో దొరికింది. అంటే ఒక్కో తెగ వచ్చి తలుపు తట్టినప్పుడల్లా కాపలాదారు కాస్త పక్కకు జరుగుతూ వచ్చాడు. దేవుడే లేడన్నవాడు వచ్చి తట్టడం మాత్రం అదే మొదలు.

మే 3న బ్రాడ్లా సభాపతి ముందుకొచ్చి, ప్రమాణం బదులు ధ్రువీకరిస్తానన్నాడు. కోర్టుల్లో నాస్తికులు అలా సాక్ష్యం చెప్పవచ్చని 1869, 1870 చట్టాలు అప్పటికే ఒప్పుకున్నాయి. సభ కమిటీ వేసింది. కమిటీ ఒక్క ఓటు తేడాతో కుదరదంది. సరే, మీరు చెప్పినట్టే ప్రమాణం చేస్తాను అన్నాడు. అయితే అందులోని దైవనామం తనకు అర్థం లేని మాటేననీ, ఇచ్చిన మాటకు మాత్రం కట్టుబడతాననీ ముందే పత్రికలో చెప్పేశాడు. ఇక చూడండి గొడవ. దేవుడు లేడనేవాడు దేవుడి మీద ఒట్టు వేస్తే అది దైవదూషణ కాదా అని ప్రతిపక్షం లేచింది. ఒట్టు వేయనంటే తప్పు, వేస్తానంటే ఇంకా పెద్ద తప్పు. బ్రాడ్లా పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

ఈ గొడవలో భక్తి ఎంత, రాజకీయం ఎంత అని తూకం వేస్తే ముల్లు ఎటు మొగ్గుతుందో చెప్పడం కష్టం. ముందు నిలబడి కేకలేసినవాళ్లలో లార్డ్ రాండాల్ఫ్ చర్చిల్ ఉన్నాడు, విన్‌స్టన్ చర్చిల్ తండ్రి. లిబరల్ ప్రధాని గ్లాడ్‌స్టన్‌ను ఇరుకున పెట్టడానికి ఆయన బృందానికి ఇంతకంటే చక్కని అవకాశం దొరకదు. నాస్తికుడి పక్షాన నిలబడ్డ ప్రధాని అని చెప్పుకోవచ్చు మరి. ఆ గ్లాడ్‌స్టనేమో ఆ సభలో అందరికంటే పెద్ద భక్తుడు.

జూన్ 23న సభ బయటికి వెళ్లమంది. బ్రాడ్లా కదలనన్నాడు. పట్టుకెళ్లి బిగ్ బెన్ గంట ఉన్న స్తంభంలోని గదిలో పెట్టారు. ఆ రాత్రంతా అక్కడే. తెల్లారాక వదిలేశారు. జూలైలో సభ మెత్తబడి, నీ పూచీ మీద ధ్రువీకరించి కూర్చో, చట్టం ఒప్పుకోకపోతే జరిమానా నువ్వే కట్టుకో అంది. జరిమానా ఓటుకు 500 పౌండ్లు. కూర్చున్నాడు, ఓట్లు వేశాడు. వెంటనే దావా పడింది. కోర్టు చట్టం ఒప్పుకోదంది, సీటు పోయింది.

నార్తాంప్టన్ మళ్లీ గెలిపించింది. 1881 ఆగస్టు 3న లోపలికి వెళ్లబోతే ద్వారపాలకులూ పోలీసులూ కలిసి ఈడ్చి బయట పడేశారు. మనిషి భారీకాయుడు, తేలిగ్గా లొంగలేదు, కోటు చిరిగింది. 1882 ఫిబ్రవరిలో ఇంకో పని చేశాడు. గబగబా సభ మధ్యలోని బల్ల దాకా నడిచి, జేబులోంచి బైబిలు తీసి, కాగితం మీద రాసుకొచ్చిన ప్రమాణం తనకు తానే చదువుకుని సంతకం పెట్టేశాడు. అందరూ నోళ్లు తెరుచుకుని చూశారు, ఆనక సభలోంచి వెలివేశారు. ఊరు మళ్లీ గెలిపించింది.

1883లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం నమ్మకం లేనివాళ్లూ ధ్రువీకరించవచ్చని బిల్లు తెచ్చింది. ఏప్రిల్ 26న గ్లాడ్‌స్టన్ చేసిన ప్రసంగం ఆ సభ విన్న గొప్ప ప్రసంగాల్లో ఒకటి. ఆయన వాదన బ్రాడ్లా కోసం కాదు, తన దేవుడి కోసం. క్రైస్తవుడు కాకపోయినా ఫరవాలేదు, ఏదో ఒక దేవుణ్ని నమ్మితే చాలు అని గేటు పెడితే, మన విశ్వాసంలో అసలు సంగతి అనవసరమని మనమే ఒప్పుకున్నట్టు కాదా అన్నాడు. గేటు మతాన్ని కాపాడడం లేదు, పలచన చేస్తోంది అని. మే 3న ఓట్లు లెక్కపెట్టారు. 289 అటు, 292 ఇటు. మూడు ఓట్లతో బిల్లు పోయింది.

ముడి విప్పింది చట్టం కాదు, ఒక సభాపతి. ఈలోగా ఇంకోసారి గెలిచిన బ్రాడ్లా 1885 ఎన్నికల్లో అయిదోసారి గెలిచాడు. 1886 జనవరి 13న ప్రమాణం చేయడానికి లేచాడు. మామూలుగానే అభ్యంతరాలు వచ్చాయి. కొత్త స్పీకర్ ఆర్థర్ పీల్ వినలేదు. ఎన్నికైన సభ్యుడికీ అతని ప్రమాణానికీ మధ్య అడ్డుపడే హక్కు ఎవరికీ లేదని తేల్చేశాడు. అంతే, ఆరేళ్ల రభస కొన్ని నిమిషాల్లో ముగిసింది. బ్రాడ్లా పాత మాటలనే పలికి కూర్చున్నాడు.

నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఇదే. మారింది మాట కాదు. చేసిన ప్రమాణాన్ని బట్టి మనిషిని నిలదీయవచ్చు గానీ, అది చేసేటప్పుడు గుండె లోపల ఏముందో తొంగి చూసే అధికారం సభకు లేదన్న గుర్తింపు అది. రెండేళ్లకు, 1888లో, సభ్యుడిగా బ్రాడ్లా తానే బిల్లు పెట్టి ప్రమాణాల చట్టం తెచ్చాడు. కోర్టులోనైనా పార్లమెంటులోనైనా ఒట్టు వద్దనుకున్నవాళ్లు ధ్రువీకరించవచ్చు. 1891 జనవరి 27న కామన్స్ బ్రాడ్లాను అడ్డుకున్న తన పాత తీర్మానాన్ని రికార్డుల్లోంచి కొట్టేసింది. ఆ కబురు తెలుసుకునే స్థితిలో బ్రాడ్లా లేడు. జనవరి 30న కన్నుమూశాడు.

బ్రూక్‌వుడ్ శ్మశానంలో జరిగిన అంత్యక్రియలకు లండన్‌లోని భారతీయులు చాలామంది వెళ్లారు. భారతదేశం గురించి సభలో అంతగా మాట్లాడేవాడు కాబట్టి ఆయనను ‘భారతదేశపు సభ్యుడు’ అనేవారు. 1889లో బొంబాయి కాంగ్రెసుకూ వచ్చాడు. ఆ అంత్యక్రియల గుంపులో బారిస్టరు చదువుతున్న 21 ఏళ్ల కుర్రాడొకడు ఉన్నాడు. ఆ సంగతి తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ కుర్రాడు గాంధీ.

ఈ కథ తెలుగునాటికి వచ్చేది గాంధీ ద్వారానే. దేవుడే సత్యం అంటూ వచ్చిన ఆయన, 1931 నాటికి సత్యమే దేవుడు అని మాట తిరగేశారు. దేవుణ్ని కాదనేవాడు కూడా సత్యాన్ని కాదనడు కదా అని. ఆ మాటకు పరీక్ష పెట్టినవాడు మన గోరా, గోపరాజు రామచంద్రరావు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, తర్వాత విజయవాడ పటమటకు మార్చారు. 1944 నుంచి సేవాగ్రాం వెళ్లి గాంధీతో వాదించారు. తన పెద్ద కూతురికి దళిత యువకుడితో పెళ్లి సేవాగ్రాంలో చేయాలనుకున్నప్పుడు, ఆశ్రమ పెళ్లితంతులో ‘దేవుని పేరిట’ అన్నచోట ‘సత్యం పేరిట’ అనుకుందామంటే గాంధీ సరేనన్నారు. పెళ్లి 1948 మార్చిలో జరిగింది. అప్పటికి గాంధీ లేరు. ఆయన పోయిందీ జనవరి 30నే.

అదే ఏడాది డిసెంబరులో రాజ్యాంగసభ రాష్ట్రపతి ప్రమాణాన్ని చర్చకు తీసుకుంది. ముసాయిదాలో దేవుడి పేరు లేదు. హెచ్.వి. కామత్, మహావీర్ త్యాగి వంటివారు ఉండాలన్నారు. చివరికి తీసేయకుండా, తప్పనిసరి చేయకుండా, రెండు మాటలూ రాసి మధ్యలో గీత గీశారు. 1949 అక్టోబరు 17న కామత్ ఇంకో అడుగు వేసి, పీఠికనే ‘దేవుని పేరిట’ మొదలుపెట్టాలన్నారు. అస్సాం సభ్యుడు రోహిణీకుమార్ చౌధురి, దేవుడెందుకు, దేవి అనండి, మాది కామాఖ్య అన్నారు. దేవుణ్ని ఓటింగుకు పెట్టొద్దని పూర్ణిమా బెనర్జీ బతిమాలారు. కామత్ వెనక్కి తగ్గలేదు. 41 మంది ఔనన్నారు, 68 మంది కాదన్నారు. ఓడించినవాళ్లలో పరమ భక్తులకు కొదవ లేదు. అందరి తరఫునా పలికే పీఠికలో ఎంచుకునే వీలు లేదు, ఎవరికి వారు పలికే ప్రమాణంలో ఉంది. తేడా అదే.

గీతకూ హద్దుంది. కేరళలో 2001లో ఎన్నికైన ఒక శాసనసభ్యుడు శ్రీనారాయణ గురు పేరిట ప్రమాణం చేస్తే హైకోర్టు చెల్లదంది. ఉన్నవి రెండే మాటలు, మూడోది సొంతంగా చేర్చుకోవడానికి లేదు. ప్రమాణం చేయకుండా సభలో కూర్చుంటే రోజుకు 500 రూపాయల జరిమానా అని మన రాజ్యాంగంలోనూ ఉంది. బ్రాడ్లా 500 పౌండ్లు గుర్తొస్తాయి. కోర్టుల విషయానికొస్తే, ఒకప్పుడు గంగాజలం మీదా ఖురాను మీదా చేయించే ప్రమాణాలను 1840 నాటి చట్టమే పక్కన పెట్టింది. ఇప్పుడు నడిచేది 1969 చట్టం, అందులోనూ ఇవే రెండు దారులు. మన సినిమా కోర్టుల్లో మాత్రం బోనులోకి భగవద్గీత వస్తూనే ఉంటుంది.

సినిమా బయట కూడా ఇంకో కోర్టు నడుస్తోంది. ఏ ఆరోపణ వచ్చినా ‘కాణిపాకం వస్తావా, ప్రమాణం చేస్తావా’ అని మన నాయకులు సవాలు విసురుకుంటారు. వరసిద్ధి వినాయకుడి ముందు తప్పుడు ప్రమాణం చేస్తే ఊరుకోడన్న నమ్మకం తరాలది, దాన్ని ఆక్షేపించే పని లేదు. కోనేట్లో మునిగి భక్తుడు తనకు తాను చేసుకునే ప్రమాణం వేరు, మైకు ముందు ఎదుటివాడి చేత చేయించబోయేది వేరు. రెండోదానిలో రాండాల్ఫ్ చర్చిల్ గొంతు వినిపిస్తుంది నాకు. నీ గుండె తెరిచి చూపించు, అప్పుడు గానీ నమ్మను అనే గొంతు. దానికి 1886లోనే జవాబు వచ్చేసింది.

శాసనసభలో ఇంకో పేరు పిలిచారు. ఒకాయన లేచి కండువా సర్దుకున్నాడు. పైమాట పలుకుతాడో కిందిమాట పలుకుతాడో తెలీదు. ఏది పలికినా, తర్వాత సంతకం పెట్టాల్సిన పుస్తకం ఒక్కటే.