నిర్ధారణ కాని రోగానికి పేరు పెట్టవచ్చునా?

అబ్దుల్లా ఇబ్నె సవాదా అనే రోగికి జ్వరం ఒక క్రమం లేకుండా వచ్చేది. కొన్నాళ్లు రోజూ, కొన్నాళ్లు మూడవ రోజుకో నాలుగవ రోజుకో, ఒక్కొక్కసారి ఆరు రోజులకు. ముందుగా కొద్దిపాటి వణుకు పుట్టేది. మూత్రం మాటిమాటికీ వచ్చేది. అతన్ని చూసిన అబూబక్ర్ ముహమ్మద్ ఇబ్నె జకరియా రాజీ రెండు అవకాశాలు చెప్పారు: ఇది చాతుర్థిక జ్వరంగా మారవచ్చు, లేదా మూత్రపిండాలలో వ్రణం ఉండవచ్చు. కొద్దికాలానికే మూత్రంలో చీము పడింది. ఆ తర్వాతే ఆయన వ్రణమని నిశ్చయించారు.

సుమారు 865లో రయ్ నగరంలో జన్మించి, అక్కడా బగ్దాదులోనూ వైద్యశాలలకు ఆధిపత్యం వహించిన ఆ మహావైద్యుడు ఈ ఉదంతాన్ని రాసుకుంటూ తన లోపాన్ని దాచుకోలేదు. నిలబడినప్పుడు నడుములో బరువు వేలాడుతున్నట్లుందని రోగి చెప్పలేదు, తానూ అడగలేదు. ఆ సంగతి కూడా రాశారు. ఆయన మరణానంతరం ఆయన రాతప్రతుల నుంచి కూర్చిన 'అల్ హావీ'ని మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ 1955 నుంచి సంపుటాలుగా ముద్రించింది.

ఈ పాత ఉదంతానికీ నేటి ఆసుపత్రి ఔట్ పేషెంట్ విభాగానికీ సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చు. నేడు అనేక దేశాలలో రోగి వచ్చి వెళ్లిన ప్రతిసారీ అతని రోగనిర్ధారణను ఒక సంకేత సంఖ్యగా నమోదు చేస్తారు. వీటికి మూలమైన పట్టికను 1893లో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్టియాన్ ప్రతిపాదించారు. అది మరణకారణాల పట్టిక మాత్రమే. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేపట్టిన ఆరవ సవరణలో ప్రాణం తీయని వ్యాధులకూ చోటు దొరికింది. పదవ సవరణ 1990లో ఆమోదం పొందగా, పదకొండవది 2022 జనవరి 1న అమలులోకి వచ్చింది.

పదవ సవరణ ఆధారంగా అమెరికా 2015 నుంచి వాడుతున్న నియమావళిలో ఔట్ పేషెంట్లను గురించి ఒక ముఖ్యమైన నిబంధన ఉంది. వైద్యుడు 'కావచ్చు', 'అనుమానం' అని రాసిన వ్యాధికి ఆ వ్యాధి సంకేతం వేయరాదు. ఆ రోజుకు తెలిసిన లక్షణానికే వేయాలి. టైఫాయిడ్ అనుమానంతో రక్తపరీక్షకు పంపిన రోగికి ఫలితం రాకముందు టైఫాయిడ్ సంఖ్య చెల్లదు. కారణం తేలని జ్వరానికి ఆర్ 50.9 అనే సంకేతం ఉంది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందిన వారి విషయంలో, విడుదల నాటికీ మిగిలిన అనుమానాన్ని వ్యాధిగానే నమోదు చేయడానికి అక్కడ అనుమతి ఉంది. ఒక్క పూట చూసి పంపిన రోగికి ఆ వెసులుబాటు లేదు.

దీన్ని గుమాస్తాల పట్టింపుగా కొట్టిపారేయరాదు. అనుమానాన్ని వ్యాధిగా రాస్తే ఆ పేరు రోగి వెంట నడుస్తుంది. తర్వాత చూసే వైద్యుడు దాన్నే నమ్మి మరో కారణం వెతకకపోవచ్చు. క్షయ, మూర్ఛ, మనోవ్యాధి వంటి పేర్లయితే పెళ్లి సంబంధాల దాకా పోతుంది. పైగా అలాంటి సంఖ్యలు పోగుపడి, ఊళ్లో లేని వ్యాధి లెక్కల్లో ప్రబలుతుంది.

రాజీ కొలువును గురించి ఇబ్నె నదీమ్ 'అల్ ఫిహ్రిస్త్'లో ఇలా తెలిపారు: ఆయన ముందు శిష్యులు, వారి ముందు శిష్యుల శిష్యులు, వారి ముందు మరికొందరు కూర్చునేవారు. వచ్చిన రోగి మొదట ఎదురైన వారికి తన బాధ చెప్పుకునేవాడు. వారికి తెలిస్తే సరి. తెలియకపోతే తర్వాతి వరుసకు పోయేవాడు. ఎవరికీ అంతుపట్టనప్పుడు రాజీ మాట్లాడేవారు. తెలియదని ఒప్పుకొని తర్వాతి వరుసకు పంపడం ఆ సభలో అవమానం కాదు.

ఇబ్నె సవాదా వ్రణాన్ని నేటి పట్టికలో ఏ సంకేతం కింద చేర్చాలో ఇంత దూరం నుంచి మనం తేల్చబోతే అది కూడా ఊహే అవుతుంది. మన మదరసాలలో జన్న్ వేరు, యఖీన్ వేరు అని మొదటి పాఠాలలోనే నేర్పుతారు. ఓ.పి. చీటీ మీద కలం పెట్టే వారికి కూడా ఆ పాఠం అవసరమే. తెలిసినంత వరకే రాసి, మిగిలిన చోటును రేపటి పరీక్షకు వదిలిపెట్టడం రోగి పట్ల న్యాయం.