అంత్యసేవావృత్తుల విద్య: పశ్చిమ నెల్లూరుసీమ దృష్ట్యా ఒక పరిశీలనము

జననమున తల్లికి తోడ్పడు మంత్రసానికి శిక్షణ యవసరమని ఆధునిక ప్రభుత్వములు శతాబ్దికి పూర్వమే గ్రహించినవి. మరణమున తోడ్పడువారికిని అట్టి శిక్షణ కావలెనన్న భావము మాత్రము మన దేశమున చాల ఆలస్యముగ కలిగినది. ఆసన్నమరణుని కడ కూర్చుండువారు, శవమునకు స్నానము చేయించువారు, పాడె కట్టువారు, గుంట త్రవ్వువారు, చితి పేర్చువారు, కర్మ చేయించువారు అనాదిగా ఉన్నారు. వీరు తమ పనిని ఎట్లు నేర్చిరి? నేర్చిన విద్యకు తగిన మన్నన వీరికేల కలుగలేదు? పుట్టుకయే అర్హతగా చెల్లిన కాలము గడచిన పిమ్మట ఆ స్థానమును దేనితో నింపవలెను? ఈ మూడు ప్రశ్నలను విచారించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ విచారణకు నెల్లూరు మండలపు పడమటి సీమను ఆధారముగ గైకొందును. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు పూర్వము చెన్నరాజధాని యేలుబడిలోనివి. జలదంకి నేడు ఉదయగిరి శాసనసభా నియోజకవర్గమునకు చేరిన మండల కేంద్రము. ఈ సీమలో స్మార్త వైష్ణవాది హిందూశాఖలతోపాటు, ఉదయగిరి దుర్గచరిత్రతో పెనవేసికొన్న మహమ్మదీయ సమాజము, పందొమ్మిదవ శతాబ్దిలో వ్యాపించిన బాప్టిస్టు క్రైస్తవ సమాజము గలవు. కావున అంత్యసేవను నేర్చుటలోని భిన్నమార్గములను ఒక్కచోట పోల్చి చూచుటకు ఇది యనువైన క్షేత్రము.

మొట్టమొదట గుర్తింపదగిన విషయ మొకటి కలదు. అంత్యసేవలో రెండు విద్యలున్నవి: ఒకటి వ్రాతకెక్కినది, రెండవది ఎక్కనిది.

వ్రాతకెక్కిన విద్య మిక్కిలి ప్రాచీనము. ఋగ్వేద దశమ మండలమున 14 మొదలు 18 వరకు గల సూక్తములు యమునికిని, పితరులకును, అంత్యక్రియకును సంబంధించినవి. తెలుగు బ్రాహ్మణులలో అధికసంఖ్యాకులు కృష్ణయజుర్వేద తైత్తిరీయశాఖకును ఆపస్తంబసూత్రమునకును చెందినవారు. వారి అంత్యకర్మలకు తైత్తిరీయారణ్యకమునందలి పితృమేధ ప్రకరణము మూలము. దహనము, అస్థిసంచయనము, దశాహము, ఏకాదశాహమునాటి ఏకోద్దిష్టము, ద్వాదశాహమునాటి సపిండీకరణము అను క్రమము ప్రయోగగ్రంథములందు సవిస్తరముగ నున్నది. ధర్మశాస్త్రములందు చెదరియున్న యీ విషయమునంతయు పాండురంగ వామన కాణే మహాశయుడు తన ధర్మశాస్త్రచరిత్ర నాల్గవ సంపుటమున (1953) సమీకరించినాడు. కాని గ్రంథ మున్నంత మాత్రమున విద్య రాదు. స్వరయుక్తముగ మంత్రము చెప్పుట, దుఃఖములో నున్న కర్తచేత తడబాటు లేకుండ క్రియ జరిపించుట గురువు వెంట తిరిగి నేర్వవలసినవి.

ఇంతటి విద్యకును పూర్ణగౌరవము దక్కలేదు. పురోహితులలో పూర్వము చేయించువారు, అపరము చేయించువారు అను భేద మేర్పడినది. వివాహోపనయనాది శుభకర్మలకు పిలువబడువారు అపరమునకు వెడలుటకు జంకిరి. ఏకాహమున భోక్తగా కూర్చుండు బ్రాహ్మణుడు సాటి బ్రాహ్మణులచేతనే చిన్నచూపు చూడబడెను. కాశీలోని మహాబ్రాహ్మణుల స్థితియు ఇట్టిదే యని జోనాథన్ ప్యారీ 1994లో ప్రకటించిన గ్రంథమువలన తెలియును. అనగా వేదవిద్య సైతము మరణస్పర్శచే కలుగు అశుచిభావమును కడుగజాలకపోయినది.

వ్రాతకెక్కని విద్యను గలవారి సంగతి యిక చెప్పనేల? పాడె కట్టుట చూచువారికి సులువుగ దోచును. బరువునకు ఆగు వెదుళ్లను ఎన్నుట, అడ్డుకర్రల యెడము నిర్ణయించుట, నడకలో శవము జారకుండ కట్లు వేయుట అనుభవముచే వచ్చునవి. దింపుడు కళ్లమున పాడె దింపి, చెవిలో ముమ్మారు పిలుచు ఘట్టమున ఎంతసేపు నిలువవలెనో, ఎప్పుడు తిరిగి యెత్తవలెనో యెరిగినవాడు వాహకులలో ఒకడు ఉండవలెను. చితి పేర్చుటలో అడుగున దిట్టమైన మొద్దు లుంచి, గాలి యాడుటకు సందులు విడిచి, పైబరువు సరిచూడనియెడల దహనము నడుమ నిలిచిపోవును. వానకాలమున ఈ నేర్పు మరింత యవసరము. గుంట త్రవ్వువాడు నేలగుణ మెరుగవలెను. రాతినేలయు ఇసుకనేలయు ఒక్క తీరున త్రవ్వబడవు. మరణవార్తను పొరుగూరికి మోసికొనిపోవు వెట్టివాడు, బట్టలను గైకొను రజకుడు, కర్మదినమున క్షౌరము చేయు మంగలి, శంఖము జేగంటలతో ముందు నడచు దాసరి, ఒక్కొక్కరికి ఒక్కొక్క పని యుండెను. వీరందరికి తండ్రియే గురువు, శ్మశానమే పాఠశాల. ఈ విద్యకు తాళపత్రము లేదు, భాష్యము లేదు, పట్టము లేదు.

తెలుగు శాసనములందు తల్లిదండ్రులకు పుణ్యముగా భూమి నిచ్చితిమను వాక్యము తరచుగ కనబడును. దాతయు, గ్రహీతయు, ఫలము పొందవలసిన మృతుడును శాసనమున కెక్కుదురు. ఆ మృతుని మోసినవాడు శాసనమునకు విషయము కాడు. చరిత్రకారునికి గల సాధనముల లక్షణమే యిట్టిది కావున, ఈ వర్గముల చరిత్రను వ్రాయువాడు సాహిత్యమును, చట్టములను, నోటిమాటను కూడ ఆశ్రయింపవలసియున్నది.

సాహిత్యమును చూతము. నెల్లూరున మనుమసిద్ధి యాస్థానమున వెలసిన తిక్కన సోమయాజి తెనిగించిన భారత పర్వములలో స్త్రీపర్వ మొకటి. యుద్ధానంతరము ధర్మరాజు విదుర, సంజయ, ధౌమ్య, యుయుత్సు ప్రభృతులను నియమించి, చందనాది కాష్ఠములను ఘృతమును సమకూర్పించి, బంధువులు లేని యోధులకు గూడ దహనసంస్కారము చేయించుట ఆ పర్వకథలోని యంశము. అంత్యసేవ రాజధర్మములో భాగమనియు, దిక్కులేని శవమునకు రాజ్యమే దిక్కనియు ఈ కథవలన స్పష్టమగుచున్నది.

హరిశ్చంద్రకథ వేరొక దృష్టిని చూపును. గౌరన ద్విపద మొదలుకొని బలిజేపల్లి లక్ష్మీకాంతకవి సత్యహరిశ్చంద్రీయము (1912) వరకు ఈ కథను తెలుగువారు వదలలేదు. రాజు వీరబాహునికి అమ్ముడుపోయి కాటికాపరియగును. ప్రేక్షకుడు కన్నీరు పెట్టుకొనునది రాజు కాటికాపరి యయ్యెనే యని. కాటికాపరి యెప్పుడును కాటికాపరిగనే యుండెనే యని కాదు. కథలో గౌరవము సత్యవ్రతమునకు దక్కినది. వృత్తి ఆతని పతనమునకు అవధిగ మాత్రమే నిలిచినది. ఈ నాటక ప్రదర్శనములలో నటులు జాషువ కవి శ్మశానవాటి పద్యములను చేర్చి పాడుట ప్రసిద్ధము. కులభేదము లేని సమతాభూమిగా శ్మశానమును జాషువ దర్శించెను. అస్పృశ్యతాబాధను స్వయముగ నెరిగిన కవికి కలిగిన దర్శన మది. అయినను ఆ సమత మృతునకు లభించినదే కాని, అదే నేలపై పనిచేయు సజీవునకు లభింపలేదు. అనేక గ్రామములందు శ్మశానములే కులములవారీగ వేరుపడినవి. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము శ్మశానోపయోగమున అడ్డగించుటను నేరముగ పేర్కొనవలసివచ్చుటయే దీనికి నిదర్శనము.

ఇక చట్టముల మాట. చెన్నరాజధాని ప్రభుత్వము 1895లో వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టమును చేసినది. గ్రామ మునసబు, కరణము మొదలు గ్రామసేవకుల వరకు పదవులు వంశక్రమముననే సంక్రమించుట దీనిచే స్థిరపడినది. సేవకునికి ఇనాము భూమియో, కళ్లమున కొలిచి యిచ్చు మేరయో జీవనాధారము. భూమి సేవకు, సేవ వంశమునకు కట్టుబడెను. ఈ కట్టడిలో రెండు లక్షణములు కలిసియున్నవి. తండ్రినుండి కొడుకునకు నేర్పు తెగకుండ సంక్రమించుట యొకటి. ఇష్టమున్నను లేకున్నను కొడుకునకు ఆ పని తప్పకుండుట రెండవది. మొదటిదానిని మాత్రమే చూచి పూర్వవ్యవస్థను పొగడుట చరిత్ర కాజాలదు.

స్వాతంత్ర్యానంతరము ఈ కట్టడి క్రమముగ సడలినది. 1956 నాటి ఆంధ్ర ఇనాముల రద్దు చట్టము ఇనాము భూములను రైతువారీ పట్టాలుగ మార్చుటకు దారి తీసినది. 1960 డిసెంబరులో సుప్రీముకోర్టు గాజుల దశరథరామారావు వ్యాజ్యమున, 1895 చట్టప్రకారము గ్రామోద్యోగమున వంశమునకే ప్రాధాన్య మిచ్చుట రాజ్యాంగము 16వ అధికరణమునకు విరుద్ధమని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము గ్రామ మునసబు పదవికి సంబంధించినదైనను, దాని యంతస్సూత్రము విశాలమైనది: పుట్టుక అర్హత కాదు. 1984లో కరణ మునసబుల పదవులు రద్దయినవి. దళితోద్యమములు కొన్నిచోట్ల చావుడప్పు కొట్టుటను నిరాకరించినవి. ఇవన్నియు న్యాయమైన మార్పులే. కాని వంశము తొలగిన చోట శిక్షణ యేర్పడవలసియుండగా, ఆ స్థానము శూన్యముగ మిగిలినది. పని మాత్రము ఆగలేదు. చాలచోట్ల పాతవారే, పాత యవమానముతోనే, పాత మేర లేకుండ దానిని చేయుచు వచ్చిరి.

ఇతర మతసమాజముల యాచారములను పోల్చినచో కొంత వెలుగు లభించును. మహమ్మదీయ ధర్మమున శవమునకు గుసుల్ చేయించుట, కఫన్ తొడుగుట, జనాజా నమాజు, ఖననము సమాజమునంతకు విధియైన పనులు. కొందరు నెరవేర్చినచో అందరి బాధ్యత తీరును. ఎవ్వరును నెరవేర్పనిచో అందరికిని దోషము. కావున ఈ పనులను తెలిసినవారు కొందరైనను ఊర నుండుట సమాజమునకు విధియగును. క్రైస్తవులలో వేరొక మార్గము కనబడును. అమెరికను బాప్టిస్టు మిషనుకు చెందిన శామ్యూల్ డే 1840లో నెల్లూరున నెలకొనెను. పిదప రామాయపట్టణమున వేదాంతపాఠశాల యేర్పడి తెలుగు బోధకులను తరిఫీదు చేసినది. ఖననారాధన జరుపువాడు వంశముచేత గాక పాఠశాలలో చదివి యర్హుడగుట ఈ సీమకు క్రొత్త సంగతి. వీరశైవులు లింగైక్యమునకు సూతకము లేదనిరి. అశుచిభావమును సిద్ధాంతముననే త్రోసిపుచ్చిన మార్గము తెలుగునేలపై పాల్కురికి సోమనాథుని నాటికే యున్నదని మరువరాదు.

గ్రామపు కట్టడి యెంత దుర్బలమో మహామరణకాలములందు తేటపడినది. 1876-78 నాటి ధాత కరవునందును, 1918 నాటి విషజ్వరమునందును చెన్నరాజధానిలో అసంఖ్యాకులు మరణించిరి. మోయువారే మడిసిపోవునప్పుడు కులమునకొక పని యను ఏర్పాటు నిలువజాలదు. 2020లో కోవిడు వ్యాధి ప్రబలినప్పుడు, ఆ సంవత్సరము మార్చి 15న కేంద్ర ఆరోగ్యశాఖ శవనిర్వహణమును గూర్చి మార్గదర్శకములను వెలువరించినది. శవాగారమున, వాహనమున, శ్మశానమున పనిచేయువారందరికి వ్యాధినివారణ పద్ధతులలో శిక్షణ నొసగవలెనని అందు చెప్పబడినది. 2021 మే నెలలో జాతీయ మానవహక్కుల సంఘము మృతుల గౌరవమును, హక్కులను కాపాడుటకై ప్రభుత్వములకు సలహాపత్రము పంపినది. కాటికాపరి శిక్షణార్హుడైన కార్మికుడని ప్రభుత్వపత్రమున గుర్తింపబడుట సామాన్యవిషయము కాదు. ఆ గుర్తింపు భయకాలమున కలిగినది. భయము తీరిన పిమ్మట నిలుచుట యవసరము.

మరణమునకు ముందటి సేవయు ఇట్లే ఆలస్యముగ శాస్త్రమైనది. 1967లో సిసిలీ సాండర్స్ లండనున సెంట్ క్రిస్టఫర్స్ ఆశ్రయమును స్థాపించి, సేవ, బోధన, పరిశోధన మూడింటిని ఒక్కచోట చేర్చినది. ఆసన్నమరణుని బాధ శారీరకము మాత్రమే కాదనియు, మానసిక, సాంఘిక, ఆధ్యాత్మికాంశములు గలదనియు ఆమె బోధించినది. మన దేశమున 1986లో ముంబయియందు శాంతి అవేదనా సదనము, 1993లో కోళిక్కోడున ఉపశమనచికిత్సాలయము వెలసినవి. కేరళ ప్రభుత్వము 2008లో దీనికొక విధానమును ప్రకటించినది. హైదరాబాదు మెహ్దీ నవాజ్ జంగ్ కాన్సరు సంస్థలో ఈ శతాబ్ది తొలిదశకమున ఈ సేవ ఆరంభమైనది. 2014లో మాదకద్రవ్యచట్టమునకు సవరణ జరిగి మార్ఫిను లభ్యతకు గల చిక్కులు కొంత తగ్గినవి. 2018లో సుప్రీముకోర్టు గౌరవప్రదమైన మరణమును జీవనహక్కులో భాగముగ అంగీకరించినది. వైద్యునకును పరిచారికకును ఈ విధముగ శిక్షణామార్గ మేర్పడుచున్నది. అయితే రోగి కన్నుమూసిన క్షణమున ఆ శిక్షణ ముగియును; అచ్చట మొదలగు పని యింకను అలవాటునకే విడువబడియున్నది. తెలంగాణమున 2019 నుండి గ్రామములందు వైకుంఠధామములు నిర్మింపబడినవి. కట్టడము వెలసినంతనే అందు పనిచేయువాని స్థితి మారునా యన్న ప్రశ్న మిగిలియున్నది.

పై చర్చవలన తేలిన సారాంశ మిది. అంత్యసేవ పుట్టుకతో వచ్చు దోషము కాదు, నేర్చుకొనదగిన విద్య. విద్య యైనచో దానికి పాఠ్యము, గురువు, పరీక్ష, వేతనము, రక్షణపరికరములు ఉండవలెను. అన్నింటికి మించి, ఇష్టము లేనివాడు దానిని విడుచుటకును, ఇష్టమున్నవాడు ఏ కులమువాడైనను చేపట్టుటకును వీలుండవలెను. నేర్పును నిలుపుట, బంధమును త్రెంచుట అను రెండు పనులును ఒక్కసారిగ జరుగవలెను. ఒకటి జరిగి రెండవది జరుగకున్న మనకు మిగులునది పాత యవమానమో, లేక నేర్పులేని చేతులలో మృతునకు జరుగు క్రొత్త యవమానమో కాగలదు.

ఇందు తెలుగు పరిశోధకులకు ప్రత్యేకమైన కర్తవ్యము కలదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయ పదములతో మాండలిక వృత్తిపదకోశము ఆరంభమైనది. 1971లో చేనేత సంపుటము వెలువడినది. కర్షకుని పలుకును, సాలెవాని పలుకును నిఘంటువున కెక్కించిన ఆ పద్ధతినే పాడె కట్టువాని పలుకునకును అన్వయింపవలెను. జలదంకి, ఉదయగిరి, ఆత్మకూరు సీమల వృద్ధ సేవకుల కడ కూర్చుండి, వారి పనిముట్ల పేర్లను, పని క్రమమును, వారు తమ పిల్లలకు నేర్పినవానిని, నేర్పవలదని నిశ్చయించుకొన్నవానిని వ్రాసికొనుట నేడు సాధ్యము. వారి తరము గడచిన పిమ్మట సాధ్యము కాదు. శాసనము లెక్కింపని మనుష్యుని మాటను గ్రంథస్థము చేయుట పరిశోధనమునకు భూషణము. యువపరిశోధకులు ఇందులకు పూనుకొందురు గాక.