నిటారుగా కూర్చోరా!

గూనిని సరిచేసిన వైద్యుల్లో అందరికంటే త్వరగా పని ముగించినవాడు శ్రీకృష్ణుడు. మథురలో కంసుడికి చందనం తీసుకువెళ్ళే కుబ్జ మూడుచోట్ల వంకర తిరిగిన మనిషి. భాగవత కథలో కృష్ణుడు ఆమె పాదాలను తన పాదాలతో నొక్కిపట్టి, రెండు వేళ్ళతో గడ్డం పట్టుకుని పైకెత్తాడు. అంతే! ఆవిడ నిట్టాడులా నిలబడింది. మందు లేదు, పథ్యం లేదు. ఫీజు కాస్త చందనం.

తర్వాత ఈ పనికి పూనుకున్న మామూలు మనుషులకు మాత్రం ఇంత సులువుగా సాగలేదు. వాళ్ళ కథ 280 ఏళ్ళ పైమాటే. అందులో తాళ్ళున్నాయి, ఇనపకమ్మీలున్నాయి, ఫోటోలున్నాయి. అన్నిటికంటే ఎక్కువగా పిల్లలు తిన్న చీవాట్లున్నాయి.

ఏ ఊళ్ళో ఆస్పత్రుల వీధికి వెళ్ళినా "ఆర్థోపెడిక్" అనే బోర్డు కనపడుతుంది. ఆ మాటను పుట్టించినవాడు నికొలా ఆండ్రీ అనే ఫ్రెంచి వైద్యుడు. అంతకుముందు కడుపులో పురుగుల మీద పుస్తకం రాసి పేరు తెచ్చుకున్న ఆయన, ఎనభై ఏళ్ళు దాటాక, 1741లో, పిల్లల శరీరంలోని వంకరల మీద మరో పుస్తకం అచ్చు వేశాడు. గ్రీకు భాషలో "ఆర్థోస్" అంటే తిన్ననిది, "పైడియన్" అంటే బిడ్డ. రెండూ కలిపి పుస్తకానికి పేరు పెట్టాడు. ఇవాళ తొంభై ఏళ్ళ ముసలాయన తుంటి విరిగి వెళ్ళినా, బోర్డు మీద ఉన్నది తిన్నని బిడ్డే!

ఇంకో విశేషం. ఆ పుస్తకం డాక్టర్ల కోసం రాసింది కాదు. తల్లులూ తండ్రులూ ఇంట్లో తమ చేతులతో చేసుకోదగ్గ ఉపాయాలని అట్టమీదే చెప్పుకున్నాడు. కుర్చీ మధ్యలో గుంటపడితే పిల్ల వీపు వంగుతుందనీ, బల్ల ఎత్తు పిల్లకు తగినట్టు ఉండాలనీ చెప్పాడు. అయితే లోకం ఆ మాటలు మరిచిపోయి, అందులోని ఒక్క బొమ్మనే గుర్తుపెట్టుకుంది. వంకరగా పెరిగిన చెట్టు, పక్కన తిన్నని గుంజ, రెంటినీ బిగించిన తాడు. ఎన్నో దేశాల ఎముకల డాక్టర్ల సంఘాలకు ఇప్పటికీ అదే చిహ్నం. "మొక్కై వంగనిది మానై వంగునా" అని మనవాళ్ళు అననే అన్నారు. చిక్కల్లా ఏమిటంటే, చాలామంది మొక్కనీ నేలనీ వదిలేసి తాడు పట్టుకున్నారు.

తాడు పట్టుకున్నవాళ్ళలో ఘనుడు జర్మనీలోని లైప్‌జిగ్ వైద్యుడు మోరిట్జ్ ష్రేబర్ (1808-1861). వ్యాయామం మంచిదని చెప్పినవాడే. 1855లో ఇంట్లో చేసుకునే వ్యాయామాల మీద పుస్తకం కూడా రాశాడు. కానీ పిల్ల చదువుకుంటూ ముందుకు వంగకూడదని బల్లకు ఇనపకమ్మీ బిగించాడు. వంగితే అది ఛాతీ పైభాగానికి ఒత్తుకుంటుంది. తల వాలకుండా ఇంకో సాధనం: ఒక పట్టీ. దాని ఒక కొస వెనక జుట్టుకీ, రెండో కొస లోపలి బట్టలకీ. తల వాలిందా, జుట్టు పీకుతుంది! ఆయన కొడుకుల్లో ఒకడు 1877లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఇంకొకడు పెద్ద జడ్జీ అయి, మతి చెదిరి, తన అనుభవాలను 1903లో పుస్తకంగా వేశాడు. అందులో తలను నొక్కే యంత్రం ఒకటి వస్తుంది. తండ్రి పట్టీలకూ కొడుకు జబ్బుకూ లంకె ఉందా లేదా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. జర్మనీలో ఊరి చివర చిన్న చిన్న తోటలకు మాత్రం ష్రేబర్ పేరే నిలిచింది. పిల్లలు ఆడుకోవడానికి చోటుండాలన్న ఆయన మాటకు దక్కిన గౌరవం అది.

ఆ కాలంలోనే మరికొందరు పిల్లను వదిలి బల్లను చూశారు. జూరిచ్‌లో ఫార్నర్ అనే డాక్టరు 1865లో పిల్లకూ బడి బల్లకూ ఉన్న సంబంధం మీదే ఒక పుస్తకం రాశాడు. బ్రెస్లా నగరంలో కంటి వైద్యుడు హెర్మన్ కోన్ 10,060 మంది బడిపిల్లల కళ్ళు పరీక్షించి, 1867లో ఫలితాలు ప్రకటించాడు. సరిపడని బల్లల మీదా చాలని వెలుతురు మీదా ఆయన నేరం మోపాడు. అక్షరం కనపడకపోతే మెడ ముందుకు సాగక ఏం చేస్తుంది, పాపం!

ఈ కిటుకు మన ఇళ్ళలోనూ ఉండేది. వ్యాసపీఠం సంగతే చూడండి. నేలమీద బాసింపట్టు వేసుకుని భారతమో భాగవతమో చదివే తాతగారు పుస్తకం మీదికి వాలకుండా, పుస్తకమే జానెడు పైకి లేచి, ఏటవాలుగా ఆయన కళ్ళకు ఎదురొచ్చేది. మెడ, తల, శరీరం ఒక్క వరసలో ఉంచమని గీత ఆరో అధ్యాయం ధ్యానం చేసేవాడికి చెబుతుంది. మరి చదువుకునేవాడికి ఆ వరస కుదరడానికి రెండు చెక్కముక్కలు సాయం చేశాయి.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి తాడు పోయి ఫోటో వచ్చింది. అమెరికాలో పేరుమోసిన కొన్ని కాలేజీల్లో 1960ల దాకా కొత్తగా చేరినవాళ్ళను, ఆడపిల్లలతో సహా, బట్టల్లేకుండా నిలబెట్టి ఫోటోలు తీసేవారు. నిలుచునే తీరు బాగాలేదని తేలితే దిద్దుబాటు క్లాసులు! 1995లో ఒక పత్రికా వ్యాసంతో ఈ సంగతి మళ్ళీ బయటికొచ్చి పెద్ద గొడవైంది.

అసలు కీలకాన్ని తేలిక మాటల్లో చెప్పినవాడు చెకోస్లొవేకియా వైద్యుడు వ్లదిమీర్ యాందా (1928-2002). పదిహేనో ఏట పోలియో వచ్చి మంచం పట్టి, మళ్ళీ లేచి నడిచిన మనిషి. కండరం విలువ ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. తల ముందుకు సాగి భుజాలు కుంగినవాళ్ళలో ఛాతీ కండరాలూ మెడ వెనకవీ బిగుసుకుంటాయి. మెడ ముందువైపు లోతుగా ఉండేవీ, రెక్కల మధ్యవీ నీరసిస్తాయి. బిగుసుకున్నవి ఒక గీత, నీరసించినవి ఒక గీత. రెండూ కత్తెరలా అడ్డపడతాయి. దీనికి 1979లో ఆయన పేరు పెట్టాడు. కాబట్టి బిగిసినదాన్ని సాగదీయాలి, నీరసించినదానికి పని చెప్పాలి. పట్టీ కడితే ఏమవుతుంది? కండరం చెయ్యాల్సిన పని పట్టీ చేస్తుంది. కండరం సెలవు పెడుతుంది.

ఇక సెల్‌ఫోను. 2014లో న్యూయార్కు సర్జన్ ఒకాయన లెక్క వేశాడు: తల 60 డిగ్రీలు వంచితే మెడ మీద 27 కిలోల భారమట. 25 కిలోల బియ్యం బస్తా, పైన కొసరు! ఇది కాగితం మీది లెక్క. ఏ మెడనీ కాటాలో తూచింది కాదు. వంగినంత మాత్రాన మెడ పాడైపోదు. ఒకే తీరున గంటలకొద్దీ ఉండిపోవడమే తంటా. ఎప్పటికీ సరిపోయే ఒకే ఒక్క మంచి భంగిమ అంటూ లేదని నేటి నిపుణుల్లో చాలామంది మాట.

ఇంట్లో చేసుకోదగ్గవి మూడే. ఒకటి, ఎదురుగా చూస్తూ, గడ్డం పైకీ కిందికీ పోకుండా, సొరుగు లోపలికి తోసినట్టు తలను వెనక్కి జరిపి ఐదు సెకన్లు ఉంచాలి. రెండు, రెక్కలను కిందికి దింపి దగ్గరకు తెచ్చి అంతే సేపు ఉంచాలి. ఒక్కొక్కటి పదిసార్లు. మూడు, గుమ్మంలో నిలబడి, మోచేతులు ద్వారబంధానికి ఆనించి, ఒక అడుగు ముందుకు వేసి, అరనిమిషం ఛాతీని సాగనివ్వాలి. ఇవి వారాల తరబడి చేస్తేనే ఫలం. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యడం వీటన్నిటికీ పెద్దన్న. చేతులు తిమ్మిరెక్కినా, పట్టు సడలినా, పెద్దవయసులో వీపు వంగుతూ పొడుగు తగ్గుతున్నా వ్యాయామం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఒక మాట మిగిలింది. మన ఇళ్ళలో పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్ల తల దించుకుని, భుజాలు ముడుచుకుని నడిస్తే బుద్ధిమంతురాలు. పొడుగైతే మరీ ఒదిగి నిలబడాలి. పెళ్ళిచూపుల నాటికి ఆ తల్లే, "ఏమిటే ఆ గూని!" అంటుంది. ఈ వంపుకు ఏ బల్లా కారణం కాదు; ఏ ద్వారబంధమూ దాన్ని ఒక్కతే సరిచెయ్యలేదు.

అందుకని "నిటారుగా కూర్చోరా" అని కేక వేసేముందు, వాడి బల్ల ఎత్తెంతో, దీపం ఎటునుంచి పడుతోందో, పుస్తకం ఎంత దూరంలో ఉందో చూడండి. అమ్మాయైతే, తల దించుకోమని ఆమెతో ఇంట్లో ఎవరన్నారో కనుక్కుని, ముందు వాళ్ళతో మాట్లాడండి.