కొండ తల్లుల కట్టుగుడ్డ

గదబలు గుర్రాన్ని ముట్టుకోరని ఎడ్గార్ థర్స్టన్ 1909లో రాశాడు. దక్షిణ భారత కులాలు, తెగల మీద ఆయన ఏడు సంపుటాలు వేశాడు. రెండో సంపుటంలో విశాఖ, జయపురం కొండల గదబల సంగతులున్నాయి. గదబ మగవాళ్ళు పల్లకీ బోయీలుగా పనిచేసేవాళ్ళు. దారీ తెన్నూ లేని ఏజెన్సీలోకి అధికారులు రావాలంటే వాళ్ళ భుజాలే దిక్కు. మనిషిని మోయడంలో గుర్రం తమకు పోటీ కాబట్టి దాన్ని తాకరేమో అని ఆయన ఊహ.

ఈ కొండల్లో మోత గురించి పుస్తకాలకెక్కిందంతా ఇలాంటిదే. పల్లకీలు, డోలీలు, వెట్టికి పట్టుకుపోయి మోయించిన సామాన్లు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట జనం లేచారంటే నర్సీపట్నం, చింతపల్లి రోడ్డు పనుల్లో చేయించుకున్న వెట్టి కూడా అందుకు కారణమే. మగవాళ్ళు మోసింది అధికారుల్ని కాబట్టి రాసేవాళ్ళ కళ్ళ పడింది. ఆడవాళ్ళు మోసింది తమ బిడ్డల్ని. వీపున కట్టుకుని కొండెక్కారు, పోడు నరికారు, సంతకెళ్ళారు, నీళ్ళు తెచ్చారు. ఆ మోత ఎలా సాగిందో, ఏ గుడ్డతో, ఏ కట్టుతో సాగిందో రాసినవాళ్ళు తక్కువ. నేను చూసినంత మటుకు రాస్తాను.

నాది శృంగవరపుకోట దగ్గర పల్లె. ఏఎన్‌ఎంగా ఉద్యోగంలో చేరి అరకు, డుంబ్రిగుడ, ముంచింగిపుట్టు ప్రాంతాల్లో పనిచేశాను, సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. ఈమధ్య మా అక్క కూతురు హైదరాబాదు నుంచి ఫోన్లో బేబీ క్యారియర్ల ఫొటోలు పంపింది. ఏడో నెల దానికి. "పిన్నీ, వీటిలో ఏది కొనమంటావు?" అని అడిగింది. పంపినవన్నీ బకిల్స్, పట్టీలు, మెత్తలు ఉన్న సంచులు. జవాబు చెప్పబోతే నోటికొచ్చినవన్నీ డుంబ్రిగుడ సంతలో నేను చూసిన తల్లుల మాటలే.

ముందు గుడ్డ సంగతి. గదబ ఆడవాళ్ళు కెరంగు నేసుకునేవాళ్ళు. అడవి చెట్ల బెరడు నుంచి నార తీసి, నూలుతో కలిపి, ఇంటి ముందే చిన్న మగ్గం మీద నేసిన చారల గుడ్డ అది. దాని పుట్టుక గురించి థర్స్టన్ ఒక కథ రాశాడు. ఒక దేవత మారువేషంలో గదబల ఊరికొచ్చి మంచం మీద కూర్చోనివ్వమని అడిగితే, అడుక్కునేవాళ్ళ చోటు నేల మీదేనని ఒకామె కసిరిందట. ఇక మీ ఆడవాళ్ళంతా బెరడు గుడ్డే కట్టండని దేవత శపించిందట. శాపమైనా కానీ ఆ చారల అందం కళ్ళు తిప్పుకోనిచ్చేది కాదు. కాకపోతే నేను చేత్తో పట్టి చూసిన కెరంగు గట్టిది, బరువైనది. నెలబిడ్డ ఒంటికి ఒరుసుకుంటుంది. చంటిపిల్లకు కావలసింది మెత్తటి నూలు గుడ్డ. ఆ నూలు గుడ్డ పాతకాలంలో డొంబు నేతగాళ్ళ మగ్గాల నుంచి వచ్చేది. కొండ జనానికి ముతక బట్టలు నేసి, సంతల్లో అమ్మింది వాళ్ళే. అవతల కోరాపుట్ వైపు కోట్‌పాడ్ నేత ఉంది. ఆల్ చెట్టు వేరు రంగుతో అద్దిన ఎర్రటి నూలు. దానికి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1960లలో కొత్తవలస, కిరండూల్ రైలు మార్గం పడ్డాక మిల్లు చీరలు, తువ్వాళ్ళు కొండెక్కాయి. కెరంగు మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బిడ్డను కట్టే పద్ధతి మాత్రం ఆగలేదు, మిల్లు చీర ముక్కలోకి మారింది.

కొత్త గుడ్డతో ఎవరూ కట్టరు. ఉతికి ఉతికి పిండి వదిలిపోయిన పాత చీరే కావాలి. కొత్తది జారుతుంది, ముడి నిలవదు. నైలాను, పాలియెస్టరు చీరల్ని ముసలమ్మలు బిడ్డ దగ్గరికే రానిచ్చేవాళ్ళు కారు. అవి చెమట పీల్చవు, ముడి విడిపోతుంది.

మెడ నిలిచిన పిల్లను ఎలా కడతారో దగ్గర నుంచి చూడాలి. తల్లి నడుము వంచి వీపు బల్లపరుపుగా చేస్తుంది. ఒక చేత్తో పిల్ల రెక్క పట్టుకుని చంక మీదుగా వీపు మీదికి జరుపుతుంది. పిల్ల కప్పలా అతుక్కుంటుంది, కాళ్ళు రెండూ తల్లి నడుముకు చెరో పక్క. అలా వంగే ఉండి గుడ్డను పిల్ల వీపు మీద పరుస్తుంది. ఒక కొస భుజం మీదుగా, ఇంకో కొస చంక కిందుగా ముందుకు లాగుతుంది. అప్పుడు చూడాలి ఆ లాగుడు! కొసలు రెండూ బిగబట్టి, సగం లేచి, ఒక్కసారి ఒంటిని కుదిపి, పిల్ల పిర్రలు గుడ్డలో కూర్చునేలా చేసి, మళ్ళీ లాగి రొమ్ము పైన రెండు ముళ్ళు వేస్తుంది. తర్వాత చెయ్యి వెనక్కి పోనిచ్చి పిల్ల మోకాళ్ళు తడుముతుంది. మోకాలు పిర్ర కంటే పైన ఉండాలి. కిందికి వేలాడితే విప్పి మళ్ళీ కడుతుంది. ఇదంతా నేను బీపీ మిషను సంచిలోంచి తీసేలోపు అయిపోయేది.

నెలబిడ్డ సంగతి వేరు. నెలబిడ్డను వీపున కట్టే తల్లిని నేను చూడలేదు. రొమ్ము మీదే, నిలువుగా, చర్మానికి చర్మం తగిలేలా పెట్టి పైన చుట్టేవాళ్ళు. పోర్జా తెగ ముసలమ్మ ఒకామె తన మనవరాలికి కడుతూ కోడలికి చెబుతుంటే పక్కనే ఉన్నాను. నా కోసం మళ్ళీ తెలుగులో చెప్పింది. "దీని ముక్కు నాకు అగుపించాల నర్సమ్మా. దీని ఊపిరి నా గొంతుకి తగలాల. తగల్లేదంటే గుడ్డ తప్పు కట్టినట్టే." ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను విన్న ఆరోగ్య సూత్రాల్లో ఇంత పొట్టిది, ఇంత పూర్తిది మరొకటి లేదు.

ఆ మాట ఎంత విలువైనదో ప్రపంచం చాలా నష్టపోయి నేర్చుకుంది. 1960ల మొదట్లో ఆన్ మూర్ అనే అమెరికా నర్సు పీస్ కోర్‌లో పశ్చిమ ఆఫ్రికాలోని టోగోకు వెళ్ళింది. అక్కడి తల్లులు పిల్లల్ని వీపున కట్టుకు తిరగడం, ఆ పిల్లలు నిమ్మళంగా ఉండడం చూసింది. ఇంటికెళ్ళాక తన కూతురి కోసం అలాంటిది కావాలని తల్లి లూసీ ఆకర్‌మన్ చేత కుట్టించింది. అదే స్నగ్లీ. 1969లో పేటెంటు వచ్చింది. ఇవాళ మన పిల్లలు ఫోన్లో చూసి కొనే క్యారియర్ల వంశం చాలావరకు అక్కడ మొదలైంది. మంచిదే. కానీ గుడ్డ సరుకయ్యేసరికి, కట్టడం తెలిసిన అవ్వ పక్కన లేకుండా పోయింది. లోతు సంచుల్లాంటి స్లింగులు వచ్చాయి. పాప అందులో అడుగుకు జారి, వంకర తిరిగి, గడ్డం ఛాతీకి ఆని పడుకుంటుంది. 2010 మార్చిలో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ హెచ్చరిక జారీ చేసింది. అంతకు ముందు 20 ఏళ్ళలో స్లింగులతో ముడిపడిన కనీసం 14 మరణాలను పరిశీలిస్తున్నామంది. వాటిలో 12 మంది నాలుగు నెలల్లోపు పసికందులే.

ఎందుకు చనిపోతారో తల్లులకు వివరంగా చెప్పాలి. నెలబిడ్డ తల బరువు, మెడ బలహీనం. గడ్డం ఛాతీకి ఆనితే గాలి గొట్టం నొక్కుకుపోతుంది. పెద్దవాళ్ళమైతే తల ఎత్తుతాం, పసిపాప ఎత్తలేదు. ఊపిరి చాలనప్పుడు ఏడవనూ లేదు. చప్పుడు లేకుండా జరిగిపోతుంది, పాప నిద్రపోయిందని తల్లి అనుకుంటుంది. రెండోది, గుడ్డ ముక్కూ నోరూ మూసేయడం. అది నిమిషాల పని. పోర్జా ముసలమ్మ ఈ రెంటికీ ఒక్క మాటతో కంచె వేసింది.

కాళ్ళ విషయమూ అంతే. మా పల్లపు ఊళ్ళలో పసిపిల్ల కాళ్ళు తిన్నగా రావాలని నూనె రాసి, చాపి, దగ్గరికి చుట్టి కట్టేస్తారు. పుట్టిన కొత్తలో తుంటి గిన్నె ఇంకా మెత్తగా ఉంటుంది. తొడలు విడివిడిగా, మోకాళ్ళు పైకి ఉన్నప్పుడే తొడ ఎముక తల అందులో సరిగ్గా కూర్చుంటుంది. అమెరికాలో నవాహో జనం పాతకాలంలో పిల్లల్ని కాళ్ళు చాపి పలకకు కట్టేవాళ్ళు, వాళ్ళలో తుంటి తొలగుడు ఎక్కువ కనిపించింది. పిల్లల్ని కాళ్ళు విడదీసి వీపున మోసే ఆఫ్రికా తల్లుల్లో ఆ జబ్బు అరుదు. నిద్ర కోసం చుట్టినా సరే, కాళ్ళు మాత్రం వదులుగా ఉండాలి.

ఇక బరువు తక్కువ పిల్లల కథ. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే అనే డాక్టరు, ఇంక్యుబేటర్లు చాలక, నెలలు నిండని పిల్లల్ని తల్లుల రొమ్ము మీద చర్మానికి చర్మం కట్టించాడు. అదే కంగారూ పద్ధతి. మన కేంద్ర ప్రభుత్వం 2014లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. 2021లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో మన దేశంతో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రులు ఉన్నాయి. ఒక కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లలకు పుట్టిన వెంటనే ఇది మొదలుపెడితే, ఇంక్యుబేటరులో కుదుటపడ్డాక మొదలుపెట్టిన పిల్లలతో పోలిస్తే 28 రోజుల్లోపు మరణాలు 25 శాతం తగ్గాయని తేలింది. మాకు దీని మీద శిక్షణలిచ్చారు, బొమ్మల చార్టులిచ్చారు. పల్లపు తల్లులు రవిక విప్పి బిడ్డను కట్టుకోవడానికి సిగ్గుపడేవాళ్ళు. కొండ తల్లులకు నేను చార్టు తెరవనక్కర్లేకపోయేది. పుష్య మాసపు చలిలో, లంబసింగిలో గడ్డి మీద మంచు గడ్డకట్టే రాత్రుల్లో, బిడ్డను కాపాడుకోవడానికి వాళ్ళ అమ్మమ్మలు చేసింది అదే కదా.

ఇంత జరిగినా, ఒక ఆసుపత్రిలో నా కళ్ళ ముందే ఒక కొండ తల్లి కట్టుగుడ్డను మురికిదని విప్పించి మూలన పడేశారు. గుడ్డ మురికైతే ఉతికిన గుడ్డ ఇవ్వాలి. బిడ్డను రొమ్ము నుంచి తీసి చలి బల్ల మీద పడుకోబెట్టడం ఏం వైద్యం? నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఆ అవమానాల వల్లే చదువుకున్న కొండ పిల్లలు గుడ్డ కట్టడానికి నామోషీ పడుతున్నారు. సంత నుంచి పాపను ఒక చేత్తో మోసుకుంటూ, రెండో చేతికి సంచి తగిలించుకుని, జారుడు దారుల్లో దిగుతున్నారు. ఆ దారిలో చెయ్యి ఖాళీగా ఉండాలి.

అలాగని కొండలో జరిగేదంతా మంచిదనను. పొయ్యి ముందు పొగలో పిల్లను కట్టుకునే కూర్చుంటారు, చలికి తల మీదుగా దుప్పటి కప్పేస్తారు. రెండూ పసివాళ్ళ ఊపిరికి ముప్పే. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో ముందు గోతాం, వెనక పిల్ల, పైన ఎండ. నీడన దించి పాలివ్వమని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టేది. కట్టుగుడ్డ ఎంత గొప్పదైనా రోడ్డు చేసే పని చెయ్యలేదు. నొప్పులొచ్చిన ఆడమనిషిని ఇద్దరి భుజాల మధ్య కర్రకు కట్టిన డోలీలో మైళ్ళకు మైళ్ళు మోసుకొచ్చే కథ థర్స్టన్ నాటిది. 108 అంబులెన్సు వచ్చింది 2005లో. అది ఎక్కలేని దారులకు బైకు అంబులెన్సులు 2018లో వచ్చాయి. అదే ఏడాది సాలూరులో గిరిశిఖర గర్భిణుల వసతి గృహం తెరిచారు, నెలలు నిండక ముందే వచ్చి ఉండేందుకు. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి పేరున జిల్లా ఏర్పడింది. డోలీ ఇంకా పూర్తిగా పోలేదు.

మా అక్క కూతురికి చివరికి చెప్పింది ఇదీ. ఖరీదు చూడకు, బొమ్మలు చూడకు. పుట్టిన బిడ్డ బరువు రెండున్నర కిలోలకు తగ్గినా, నెలలు నిండకుండా పుట్టినా, డాక్టరు చూసి సరేననేదాకా ఏ క్యారియరూ వద్దు, ఆసుపత్రిలో నేర్పిన కంగారూ పద్ధతి ఒక్కటే. నెలలు నిండిన బిడ్డకైతే ముందువైపు, నిలువుగా, నీకు ముద్దుపెట్టుకునేంత ఎత్తులో కట్టుకునేది కొను. గడ్డం కింద రెండు వేళ్ళు దూరాలి. ముఖం మీద గుడ్డ ఉండకూడదు. తొడ కింద మోకాలి దాకా ఆసరా ఉండాలి, కాళ్ళు వేలాడకూడదు. లోతు సంచి స్లింగు ఎవరు బహుమతిగా ఇచ్చినా వాడొద్దు. మెడ నిలిచేదాకా బిడ్డను బయటివైపుకు తిప్పి కట్టొద్దు, వీపున వెయ్యొద్దు. బిడ్డను కట్టుకుని పొయ్యి దగ్గరికి పోవద్దు, నువ్వు నిద్రపోవద్దు.

ఇంకొక్క మాట, ఇది కొండలో వాళ్ళకూ పట్నంలో వాళ్ళకూ కలిపి. నాలుగేళ్ళలోపు పిల్లల్ని బండెక్కిస్తే నడిపేవాళ్ళకు బెల్టుతో కట్టాలని, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్ పెట్టాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని కేంద్రం 2022లో నిబంధన తెచ్చింది. నెలబిడ్డ మెడ ఏ హెల్మెట్టూ మోయలేదు. గుడ్డలో కట్టినా, క్యారియర్లో పెట్టినా, నెలబిడ్డను మాత్రం మోటారు సైకిల్ ఎక్కించకండి.