గళ్ల తెర ముందు నిలబెట్టిన మనుషులు

1869లో లండన్‌లో జాన్ లాంప్రే అనే ఆయన మనుషుల్ని ఫోటో తీయడానికి ఒక పద్ధతి చెప్పాడు. చెక్క చట్రానికి రెండేసి అంగుళాల గళ్లు పడేలా పట్టుదారాలు కట్టాలి. దాని ముందు మనిషిని బట్టలు లేకుండా నిలబెట్టాలి. గళ్లు లెక్కపెడితే ఒంటి కొలతలు తెలిసిపోతాయి. అలా నిలబడింది దొరలు కాదు, వాళ్ల ఏలుబడిలో ఉన్నవాళ్లు. 1890లలో పోర్ట్‌మన్ అనే అధికారి అండమాన్ ఆదివాసులను గళ్ల తెర ముందు నిలబెట్టే ఫోటోలు తీశాడు.

మన వైపు కొలతలు తీసినవాడు మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్. ముక్కు వెడల్పును ఎత్తుతో భాగించి, వందతో హెచ్చించేవారు. ఆ అంకె పెరిగేకొద్దీ మనిషి హోదా తగ్గుతుందని రిజ్లీ అనే మరో అధికారి రాశాడు. ముక్కుకు ఇంత పని పెట్టారు! 1909లో రంగాచారి సాయంతో థర్‌స్టన్ వేసిన ఏడు సంపుటాల్లో కోయలు, చెంచులు, యానాదులు, సవరలు అందరూ ఉన్నారు. మన చరిత్ర రాయాలంటే ఇప్పటికీ ఆ పుస్తకాలే తిరగేస్తాం. పనికొచ్చే సంగతులూ ఉన్నాయి, కాదనం. కానీ ఆ కాలపు ఇలాంటి ఫోటోల కింద చూడండి. సాధారణంగా తెగ పేరుంటుంది, మనిషి పేరుండదు. ఆడవాళ్ల బొమ్మలైతే పోస్టుకార్డులుగా కూడా అమ్ముడుపోయాయి.

ఈ బొమ్మలకు బొమ్మతోనే జవాబు చెప్పారు బెంగళూరు కళాకారిణి పుష్పమాల. ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000-2004 మధ్య 'దక్షిణ భారత స్థానిక స్త్రీలు' అనే ఫోటోల వరుస చేశారు. పేరే పాత దొరల పుస్తకాలకు వెక్కిరింత. రవివర్మ లక్ష్మి ఆమే, పత్రికలో పడ్డ నేరస్తురాలు ఆమే, కొలతల కోసం నిలబెట్టిన నీలగిరి తోడా స్త్రీ కూడా ఆమే. ముక్కు మారలేదు, ఒళ్లు మారలేదు. వెనక తెర మార్చారు, అంతే. ఒక తెర ముందు దేవత, ఇంకో తెర ముందు నమూనా. తెగను బట్టి, ఆడతనాన్ని బట్టి మనిషికి వేసే వెల చూసేవాడి చేతిలో ఉందని ఇంతకన్నా తేటగా ఏ వ్యాసం చెప్పగలదు?

మాకో అభ్యంతరం మాత్రం ఉంది. పుష్పమాల ఆదివాసీ కాదు. ఫోటో అయ్యాక ఆమె వేషం తీసేయగలరు. ఆనాటి తోడా స్త్రీకి ఆ వీలు లేదు, తన బొమ్మ ఎక్కడికి పోయిందో కూడా ఆమెకు తెలియదు. ఆ రెండో జవాబు ఆదివాసీ ఆడపిల్లలే గీయాలి, తీయాలి.

కెమెరాలు ఇంకా మన గూడేలకు వస్తూనే ఉన్నాయి. వచ్చినవాళ్లు ముందు సెల్‌ఫోన్ పక్కన పెట్టమంటారు, తర్వాత పాత చీర కట్టుకుని థింసా ఆడమంటారు. అచ్చయిన బొమ్మ కింద 'గిరిజన మహిళ' అని ఉంటుంది.